ఎర్ర కర్ర పట్టుకున్నవాడు

కొండదారి అందాన్ని చూసేవాళ్ళు వేరు, ఆ దారి మీద బండి నడిపేవాళ్ళు వేరు. వెనక సీట్లో కూర్చున్నవాడు లోయను చూసి "అబ్బ!" అంటాడు. స్టీరింగు ముందు కూర్చున్నవాడు లోయను చూశాడంటే ఆ రోజు ఏదో తేడా జరిగిందన్నమాట. ఇరవై ఆరేళ్ళపాటు ఆ దారి మీద పన్నెండు సీట్ల వ్యాను నడిపిన మనిషిని ఎవరైనా, "పైన మడుగు ఎలా ఉంటుందండీ?" అని అడిగితే, "బండి తిప్పుకోవడానికి చోటు బాగానే ఉంటుంది" అనేవాడు. నవ్వించడానికి అన్న మాట కాదు. అతను చూసింది అంతే.

డిపోలో అతన్ని నిదానం అనేవారు. అసలు పేరు లైసెన్సు మీద ఉండేది, దాన్ని చూసేది పోలీసులే. నిదానం రెండో గేరులో వెళ్ళాల్సిన చోట మొదటి గేరులో వెళ్ళేవాడు. మలుపుకు ముందు హారన్ కొట్టి, ఆగి, జవాబు వస్తుందేమో విని, అప్పుడు కదిలేవాడు. మనిషి కూడా అంతే. టీ గ్లాసు అందుకుంటే అది చల్లారేదాకా చేతులు కాచుకుని ఆ తర్వాత తాగేవాడు. ఇరవై ఆరేళ్ళలో అతని బండి మీద ఒక్క గీత పడలేదు. వ్యాను కడిగేవాళ్ళు తప్ప ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ప్రమాదం చేసినవాడి పేరు ఊరంతా తెలుస్తుంది కానీ, చేయనివాడి పేరు తెలియడానికి దారేముంది?

అదే డిపోలో అతని తోడల్లుడు కూడా డ్రైవరే. అక్కను నిదానం చేసుకుంటే చెల్లెల్ని ఇతను చేసుకున్నాడు. ఇతన్ని హుషారు అనేవారు. టైర్ల కొట్టు పైన రెండు వాటాల ఇంట్లో రెండు కాపురాలూ ఉండేవి. వంటిల్లు ఒక్కటే. పొద్దున ఇద్దరూ ఒకే మెట్లు దిగి డిపోకి నడిచేవారు. దారిపొడుగునా హుషారు మాట్లాడేవాడు, నిదానం వినేవాడు.

"అన్నయ్యా, నీ బండికి బ్రేకులెందుకు దండగ? అమ్మేసుకో," అనేవాడు హుషారు.

"నీ బండికి స్టీరింగెందుకు? అదిచ్చెయ్, నా బ్రేకులు తీసుకో," అనేవాడు నిదానం.

"నీ వెనక పడ్డవాడికి పైకెళ్ళేసరికి గడ్డం పెరుగుతోందట. డిపోలో మంగలిని పెట్టమని మేనేజరుని అడుగుతున్నారు."

టీ కాచే ఆవిడ గరిటె గిన్నె మీద కొట్టి మరీ నవ్వేది. నిదానం కూడా నవ్వేవాడు, కాకపోతే కాస్త ఆలస్యంగా.

ఇక ఆ దారి సంగతి. కింది ఊరి నుంచి పై మడుగు దాకా నలభై కిలోమీటర్లు. అందులో చివరి ఐదింటినీ డ్రైవర్లు 'అంచు' అనేవారు. నిలువు కొండకు తొలిచిన గాడి అది. ఒక్క బండి పట్టే వెడల్పు. ఒక పక్క రాయి, ఇంకో పక్క మోకాలెత్తు రాళ్ళ వరస, ఆ తర్వాత గాలి. గాలి కూడా పద్నాలుగు వేల అడుగుల ఎత్తున పల్చబడి, ఇంజను నల్లటి పొగ కక్కుతూ ముసలివాడిలా ఆయాసపడేది. ఎదురుగా ఇంకో బండి వస్తే ఇద్దరిలో ఒకరు రెండు కిలోమీటర్లు వెనక్కి నడపాలి. అందుకే అంచుకు రెండు కొసల్లోనూ గేట్లు పెట్టారు. కిందివాళ్ళంతా ఒక జట్టుగా పైకి వెళ్ళాలి, వాళ్ళందరూ చేరాక పైవాళ్ళు దిగాలి.

అందరూ చేరారని పై గేటుకు తెలిసేదెలా? ఒకప్పుడు టెలిఫోను తీగ వేశారు. ప్రతి చలికాలం మంచు జారి అది తెగేది, నాలుగేళ్ళు అతికించి వదిలేశారు. తర్వాత బండ్ల సంఖ్య చీటీ మీద రాసి పంపారు. లెక్క తప్పేది. చివరికి ఎవరికి తట్టిందో గానీ, మూరెడు పొడవు కర్రకు ఎర్ర రంగు పూసి చివరి బండికి ఇవ్వడం మొదలుపెట్టారు. కర్ర పైకి చేరితే దారి ఖాళీ అన్నట్టు. చదువుకున్న ఇంజనీర్లు దాన్ని చూసి ముచ్చటపడేవారు. మనుషులు ప్రాణాలను కాగితాలకూ తీగలకూ అప్పగించి, అవి నమ్మకద్రోహం చేశాక, తిరిగి తిరిగి ఒక కట్టెముక్క దగ్గరికే వస్తారు కాబోలు. కట్టెముక్క అబద్ధం చెప్పదు. చెప్పేది దాన్ని పట్టుకున్నవాడు.

పై గేటు కాసే పెద్దాయన పందొమ్మిదేళ్ళుగా భార్యతో ఆ గేటు పక్క గదిలోనే కాపురం ఉంటున్నాడు. చివరి బండి ఆగగానే కిటికీలోంచి చెయ్యి చాపి, "చివరెవరు?" అనేవాడు. డ్రైవరు కర్ర అందించి, "నేనే చివర" అనేవాడు. అప్పుడు గేటు లేచేది. ఆ అడగడమూ చెప్పడమూ అవసరమే లేదు, కర్రే చెబుతోందిగా. అయినా పందొమ్మిదేళ్ళుగా ఎండలోనూ మంచులోనూ ఆ రెండు మాటలూ ఆ కిటికీ దగ్గర నలుగుతూనే వచ్చాయి. గుమ్మంలో చెప్పులు విడిచేటప్పుడు కాళ్ళు తమంతట తామే చేసే పనిలాంటిది అది.

రూలులో లేనిది ఒకటి డ్రైవర్ల మధ్య నడిచేది. అంచు సగంలో కొండ కాస్త లోపలికి వంగి, పది బండ్లు ఆగేంత చోటు ఉంది. అక్కడ ఇంజన్లు చల్లారనిచ్చేవారు. చివరి బండికి అక్కడ రిపేరు తగిలితే, ఆ డ్రైవరు కర్రను ముందు బండికి ఇచ్చి, "పైన వాళ్ళకి కర్ర అందించు, వెనక ఒక బండి ఉందని పెద్దాయనకి చెప్పు" అనేవాడు. పెద్దాయన కర్ర తీసుకుని పక్కన పెట్టి, ఆ బండి వచ్చాకే గేటు తెరిచేవాడు. అలాంటప్పుడు కర్ర ముందుగా పంపడం దేనికి? ఫలానా చోట ఫలానావాడు చిక్కుకున్నాడని పైకి కబురు అందాలిగా. కబురొక్కటే వెళ్ళొచ్చు, కర్ర ఆగొచ్చు. కానీ చేతిలో కర్ర లేకుండా చెప్పిన మాటకు ఆ గేటు దగ్గర బరువు లేదు. అలా ఏడాదికి రెండు మూడుసార్లు జరిగేది. ఎప్పుడూ ఏమీ కాలేదు.

మంచు పడి దారి మూసెయ్యడానికి వారం ముందు, ఒక మధ్యాహ్నం, తొమ్మిది బండ్ల జట్టులో హుషారు బండి చివర. మధ్య చోట ఆగేసరికి అతని రేడియేటరు గొట్టం చీలి ఆవిరి చిమ్ముతోంది. బండిలో ఉన్న నలుగురినీ దించి, తన ముందున్న నిదానం బండిలో ఎక్కించాడు. కర్ర కిటికీలోంచి లోపలికి పెట్టాడు.

"గొట్టానికి గుడ్డ చుట్టి నీళ్ళు పోసుకుని వచ్చేస్తా. పావుగంట. పెద్దాయనకి చెప్పు అన్నయ్యా."

"ఉండమంటావా నేను కూడా?"

"నువ్వుంటే గంట పడుతుంది. పో."

లోయలోంచి మబ్బు లేస్తోంది. ఎక్కించిన నలుగురిలో ఒక పెద్దావిడ ఉంది. కిలోమీటరు వెళ్ళేసరికి ఆవిడ పెదాలు నీలంగా మారాయి. బండిలో ఉండే చిన్న ఆక్సిజన్ సిలిండరు పెట్టారు, అది చాలలేదు. కొడుకు కాబోలు, వెనకనుంచి భుజం మీద కొడుతూనే ఉన్నాడు. "త్వరగా పోనివ్వండి డ్రైవర్ గారూ, మా అమ్మ కళ్ళు తేలేస్తోంది, కాస్త త్వరగా!" నిదానం ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి అంచు మీద రెండో గేరు వేశాడు.

గేటు దగ్గర ఆగాడు. పెద్దాయన చెయ్యి చాపాడు.

"చివరెవరు?"

"నేనే చివర."

కర్ర చేతులు మారింది. నిదానం ఆవిడ కొడుకుతో కలిసి ఆవిడను ఎత్తుకుని పక్కనే ఉన్న వైద్య కేంద్రంలోకి పరిగెత్తాడు. అక్కడ పెద్ద సిలిండరు, ముఖానికి గొట్టం, ఆవిడ చేతిని రుద్దుతూ నర్సు. ఆవిడ దగ్గింది. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నిదానం కూడా బల్ల మీద కూలబడి ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది.

అతను బయటికి వచ్చేసరికి గేటు లేచి ఉంది. రోడ్డు శాఖ లారీ ఖాళీ తారు పీపాలతో అయిదు నిమిషాల ముందే దిగిపోయింది. నిదానం మబ్బులోకి పరిగెత్తాడు. యాభై నాలుగేళ్ళ మనిషి, ఎన్నడూ పరిగెత్తనివాడు, ఊపిరి అందని చోట, చేతులు ఊపుతూ, ఎవరికీ వినపడని కేకలు వేస్తూ పరిగెత్తాడు. రెండు మలుపుల తర్వాత లారీ కొండకు ఒరిగి కనిపించింది. డ్రైవరు లోపల కాలు ఇరుక్కుని ఏడుస్తున్నాడు. రోడ్డు మీద పీపాలు దొర్లి ఉన్నాయి. రాళ్ళ వరసలో వ్యాను వెడల్పున ఖాళీ. కిందంతా తెల్లటి మబ్బు. చూడటానికి అందులో ఏమీ లేదు.

హుషారును తీసుకురావడానికి రెండు రోజులు పట్టింది. దాని గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు.

ఇంటికి చేరిన మొదటి సాయంత్రమే నిదానం భార్యకు చెప్పేశాడు. పక్క వాటాలో చెల్లెలి ఏడుపు వినిపిస్తోంది. భార్య తలుపు దగ్గరగా వేసింది.

"ఎవరెవరు విన్నారు?" అంది.

"పెద్దాయన. బండిలో వాళ్ళకి ఆ ధ్యాసే లేదు."

"అయితే ఎవరికీ చెప్పకండి."

"మరి పెద్దాయన..."

"దాని పొయ్యి ఆరింది. మన పొయ్యి కూడా ఆర్పితే వెలుగుతుందా అది? ఇకమీదట దానికీ దాని పిల్లకీ దిక్కెవరు? మీరే కదా. మిమ్మల్ని జైల్లో పెడితే రెండు కుటుంబాలూ ఎవరి మొహం చూడాలి?"

ఆమె మాటలో స్వార్థం ఉందనడం తేలిక. లెక్క కూడా ఉంది, ప్రేమ కూడా ఉంది. ఈ మూడింటినీ విడదీసి చూపగలిగినవాళ్ళు పుస్తకాల్లోనే ఉంటారు.

అయిదో రోజు విచారణ. రోడ్డు శాఖ ఆఫీసులో ఒక గది. బల్ల మీద అద్దం, అద్దం కింద పాత టెలిఫోను నంబర్లు, మూల హీటరులో రెండు కడ్డీలకు ఒక్కటే ఎర్రగా వెలుగుతోంది. అధికారి మర్యాదస్తుడే. పెద్దాయన లేచి, "కర్ర ఇచ్చాడు, నేనే చివర అన్నాడు, గేటు తీశాను" అన్నాడు. మూడు ముక్కలు. అధికారి నిదానం వైపు తిరిగాడు.

"వెనక ఒక బండి ఉందని ఆయనకి చెప్పారా?"

"చెప్పానండీ," అన్నాడు నిదానం.

ఆ ఒక్క మాట ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. గేటు దగ్గర వచ్చినంత సులువుగా వచ్చింది. గీతపడని ఇరవై ఆరేళ్ళు ఒక పక్క, గేటు తీసినవాడు ఒక పక్క. గదిలో ఎవరికీ అనుమానం రాలేదు. పెద్దాయన మాత్రం తెల్లబోయి అతన్నే చూస్తూ నిలబడ్డాడు. గేటు పని ఆ రోజే మాన్పించారు. దారి మూసేలోపే గది ఖాళీ చెయ్యమన్నారు. ఇరవై నాలుగో రోజున రెండో విచారణ, ఆ తర్వాత కేసు పోలీసులకు వెళుతుందన్నారు.

ఆ రోజులన్నీ మరదలు అక్కాబావల వాటాలోనే ఉంది. రోజూ వడ్డించేది. ఏదో ఒక పనిలో లేకపోతే పిచ్చెక్కుతుందంటే అక్క కాదనలేదు. వడ్డిస్తూ పెద్దాయన్ని తిట్టేది.

"ఆ ముసలాడి నోట్లో మన్ను పడ! ఒక బండి మిగిలిందన్న మాట చెవికెక్కలేదా బావా వాడికి? పందొమ్మిదేళ్ళు కూర్చుని తిన్నాడే ఆ గేటు దగ్గర!"

"పోనీలేవే," అనేది అక్క.

"ఎందుకు పోనివ్వాలి? బావా, రెండోసారి పిలిచినప్పుడు నువ్వు గట్టిగా చెప్పాలి. నువ్వు మెత్తగా మాట్లాడతావు, వాడు తప్పించుకుంటాడు. తినవేంటి? ఇంకాస్త వెయ్యనా?"

"చాలు."

"చాలంటావు. నీ మొహం చూడు, సగమైపోయావు. ఆయన పోతే నువ్వు ఇలా అయిపోతావని నాకు తెలుసు." అని ఇంకో గరిటె వేసేది. నిదానం తలవంచుకుని తినేవాడు.

ఇరవై రెండో రోజు పెద్దాయన డిపోకి వచ్చాడు. దారి మూసేశారు కాబట్టి బండ్లన్నీ షెడ్డులో ఉన్నాయి, నిదానం ఒక చక్రం విప్పి కూర్చున్నాడు. పెద్దాయన తగాదాకు వచ్చాడేమోనని టీ కాచే ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి లేచి నిలబడింది. ఆయన తిరగేసిన పీపా మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

"నాయనా, ఒక మాట అడిగి వెళ్ళిపోతా."

"అడగండి."

"నువ్వు ఆ మాట అన్నట్టే నాకు గుర్తు. కళ్ళు మూసుకుంటే నీ గొంతే. కానీ నువ్వు అబద్ధమాడే మనిషివి కావు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆడగా చూడలేదు. రోజుకి నాలుగుసార్లు అదే మాట వింటాను గదా. ఆ రోజు నువ్వన్నది గుర్తుందో, రోజూ విన్నది ఆ రోజుకి అతుక్కుందో నాకు తెలియడం లేదు. మా ఆవిడ కూడా, వయసైంది, పొరపాటు పడ్డారేమో ఆలోచించుకోండి అంటోంది. నిద్ర పట్టక చస్తున్నా. నువ్వు చెప్పు. వెనక బండి ఉందని నాకు చెప్పానని నువ్వంటే, ఎల్లుండి నేను ఒప్పుకుని సంతకం పెడతా. ఒక మనిషిని చంపానో లేదో తెలియకుండా బతకడం నా వల్ల కావడం లేదు."

నిదానం చేతిలో స్పానరు అలాగే ఉంది. అవునన్న ఒక్కమాట చాలు. ఆ మాటతో అందరూ ఒడ్డున పడతారు: భార్య, మరదలు, దాని పిల్ల, లైసెన్సు, ఇరవై ఆరేళ్ళు. అడుగుతున్నది కూడా ఎవరో కాదు, మునిగేవాడే. మనిషిని మోసం చెయ్యడం ఒక ఎత్తు. మోసపోయినవాడు వచ్చి, తప్పు నాదేనేమో కాస్త చెప్పమని అడగడం ఇంకో ఎత్తు. దానికి ఏ అబద్ధమూ సరిపోదు.

"మీరు సంతకం పెట్టకండి," అన్నాడు నిదానం.

"అంటే?"

"ఎల్లుండి రండి. అక్కడ చెబుతా. సంతకం మాత్రం పెట్టకండి."

పెద్దాయనకు అర్థమైంది. అర్థమవుతుండగా ఆయన మొహంలో సంతోషమేమీ కనపడలేదు. అంతకుముందు లేని ముసలితనం కనిపించింది. లేచి, పీపాను మామూలుగా నిలబెట్టి వెళ్ళిపోయాడు.

రెండో విచారణలో నిదానం అధికారి అడక్కముందే లేచి చెప్పాడు. మెత్తగానే చెప్పాడు. కర్ర చేతికొచ్చిందీ, పెద్దావిడా, గేటూ, నోరు దానంతట అదే అన్న మాటా. అధికారి రెండుసార్లు అడిగి, రెండుసార్లూ రాయించాడు.

"మొదటిసారి ఎందుకు చెప్పలేదు?"

"భయమేసిందండీ."

"అంతేనా?"

"అంతేనండీ."

ఆ తర్వాతవి చెప్పడం తేలికే. లైసెన్సు పోయింది. నిర్లక్ష్యానికీ తప్పుడు సాక్ష్యానికీ కలిపి రెండేళ్ళ శిక్ష పడింది. మంచు కరిగాక పెద్దాయన గేటుకు తిరిగి వెళ్ళాడు, కర్రను చేతులు మార్చరాదని రెండు గేట్ల దగ్గరా బోర్డు పెట్టారు. చెప్పడం కష్టమైనది ఆ రోజు విచారణ గది బయట వరండాలో జరిగింది.

అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ గోడ వారగా బల్ల మీద కూర్చుని ఉన్నారు. తలుపు తెరిచే ఉండటం వల్ల లోపలి మాటలన్నీ వాళ్ళకు వినపడ్డాయి. నిదానం బయటికి వచ్చేసరికి మరదలు లేచి నిలబడింది. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు.

"నోరు జారావు. సరే," అంది ఆమె. గొంతు ఆశ్చర్యంగా మామూలుగా ఉంది. "అది ఎవరికైనా జరుగుతుందేమో. ఆయనక్కూడా జరిగేదేమో. కానీ ఇరవై మూడు రోజులు, బావా. నేను వడ్డించాను. నువ్వు తిన్నావు."



ఆమె బల్ల వైపు తిరిగింది. "నీకు తెలుసా అక్కా?"

అక్క తన కొంగును చూసుకుంటోంది. కొంగు అంచున ఊడిన దారాన్ని వేలికి చుడుతోంది.

"నిన్నే అడుగుతున్నా. నీకు తెలుసా?"

దారం తెగింది. అక్క తలెత్తలేదు.

మరదలు బల్ల మీది సంచీ తీసుకుని, అందులో తన శాలువా ఒక్కటీ ఉంచుకుని, అక్క శాలువా తీసి మడిచి ఆమె పక్కన పెట్టి, మెట్లు దిగింది. వాకిట్లో డిపో వ్యాను ముగ్గురి కోసమూ ఆగి ఉంది. ఆమె దాన్ని దాటి రోడ్డు వెంట నడిచింది. వ్యాను డ్రైవరు హారన్ కొట్టి, చెయ్యి ఊపి, ఆమె ఆగకపోయేసరికి ఏం చెయ్యాలో తెలియక వరండా వైపు చూశాడు.

లోపల్నుంచి గుమాస్తా కేక వేశాడు. "ఏమండీ, ఇంకా అవలేదు. మూడు కాపీలున్నాయి, ప్రతి పేజీ కింద సంతకం పెట్టాలి."

నిదానం భార్య వైపు ఒక అడుగు వేశాడు. ఆమె మడిచిన శాలువాను ఒళ్ళోకి తీసుకుని, రెండు చేతులతో పట్టుకుని, అతని వైపు చూడకుండానే, "వెళ్ళండి, పిలుస్తున్నారు" అంది.

అతను లోపలికి వెళ్ళాడు.